నాలుగిళ్ళ పైడయ్య అప్పీలు

మోట తోలడం మానేశాక ఆ బావిని మనుషులు మరిచిపోయారు. పక్షులు మాత్రం మరిచిపోలేదు. బావి మీదికి వంగి ఓ తుమ్మచెట్టు ఉంది. కింద లోతుగా నీళ్ళు, కొమ్మల నిండా ముళ్ళు, అడుగు అవతల వరిచేలు. గిజిగాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి! కొమ్మ కొమ్మకీ గూళ్ళు వేలాడదీసుకుని అక్కడ ఓ పేటే కట్టేసుకున్నారు. గాలి వీస్తే పేటంతా ఊగేది, ఊగుతూనే పోట్లాడుకునేది.

ఆ పేటలో పైడయ్య అని ఓ కుర్ర గిజిగాడు. నెత్తిన పసుపు టోపీ, ముక్కున ఎప్పుడూ ఓ గడ్డిపోచ. పనిమంతుడే, కాదనడానికి లేదు. వరి ఆకుని ఈ చివర కొరికి పట్టుకుని చర్రున ఎగిరాడంటే ఆ చివరిదాకా దారంలా చీలి వచ్చేది. వాడి పనికి వంక పెట్టేవాళ్ళు లేరు. వచ్చిన చిక్కల్లా ముక్కు ఖాళీగా ఉన్నప్పుడే. గడ్డిపోచ లేదంటే ఆ ముక్కులోంచి గొప్పలు మొదలయ్యేవి.

గిజిగాళ్ళలో పెళ్ళిచూపులు మనలా ఉండవు. అక్కడ పిల్లే బయల్దేరి వస్తుంది. వచ్చి పిల్లాడి మొహం కూడా చూడదు, ఇల్లు చూస్తుంది. పిల్లాడు గోడలూ కప్పూ లేపి, ఇల్లు సగానికి తెచ్చి, దాని కింద తలకిందులుగా వేలాడి, రెక్కలు టపటపలాడిస్తూ "రండి, చూడండి" అని గొంతు చించుకోవాలి. పిల్ల వచ్చి ముక్కుతో పోచ పోచా లాగి చూస్తుంది. నచ్చితే లోపల కూర్చుంటుంది. అప్పుడు పిల్లాడు అడుగు నేసి, వాకిలి దించి, మిగతా సగం పూర్తిచేస్తాడు. నచ్చకపోతే ఎగిరిపోతుంది. అలా ఓ పిల్ల కాదని పోయిన ఇంటిని ఇంకో పిల్ల చూడను కూడా చూడదు. పిల్లాడు పక్క కొమ్మకి మారి మళ్ళీ మొదటి పోచతో మొదలెట్టుకోవాల్సిందే.

మన పైడయ్యకి అలాంటివి మూడయ్యాయి. మొదటి పిల్ల "అబ్బే, గాలి ఎక్కువ" అంది. రెండో పిల్ల లాగిన పోచ ఊడి ముక్కులోకి వచ్చేసింది. ఆ పోచని వాడి టోపీ మీదే పడేసి పోయింది. మూడో పిల్ల అటూ ఇటూ చూసి, ఏమీ అనకుండానే వెళ్ళిపోయింది. వాడికి ఎక్కువ బాధ కలిగించింది ఆ మూడోదే.

ఆ మూడు సగం ఇళ్ళూ కొమ్మలకి వేలాడుతూనే ఉన్నాయి. ఎవరైనా అడిగితే, "ఏదో, చుట్టాలొస్తే ఉంటారని కట్టి పడేశాను" అనేవాడు. పేటలో అందరికీ అసలు సంగతి తెలుసు. పోనీలే పాపం అని ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. పక్కింటి సూరమ్మత్త మాత్రం "ఈమధ్య చుట్టాలెవరూ రాలేదేం నాయనా?" అని అప్పుడప్పుడూ గిల్లేది.

ఇదిలా ఉండగా, కిందటేడు ఓ పసిరిక పాము కొమ్మ వెంట పాకి వచ్చి, తెల్లవారేసరికి రెండు గూళ్ళలో గుడ్లన్నీ మింగేసి పోయింది. అప్పట్నుంచీ పేటలో ఇంటిపన్ను పెట్టుకున్నారు. గింజలతో కట్టే పన్ను కాదు, కావలితో కట్టే పన్ను. ఇల్లున్న ప్రతివాడూ సంతకీ సంతకీ మధ్య ఒక పొద్దు చేనుగట్టు మీది తాడిచెట్టెక్కి, పాము జాడ కనిపెడుతూ కూర్చోవాలి. ఇళ్ళు పెరిగేకొద్దీ కావలి పొద్దులు ఇంకా జోరుగా పెరుగుతాయి, రెండిళ్ళకి మూడు, మూడిళ్ళకి ఐదు, ఆపైన సంతరోజు తప్ప ప్రతి పొద్దూ. పన్ను కట్టేవాడికే తుమ్మచెట్టు మీద వాలే హక్కు. ఇల్లు లేనివాడెవడైనా కొమ్మ మీద కాలు పెడితే పేటంతా కలిసి పొడిచి తరిమేసేది.

ఇళ్ళు కొలిచి పన్ను వేసే పని కొంగ సన్యాసయ్య గారిది. తగువొస్తే తీర్చే పని బావి పక్కన బురదలో పడుకునే ముసలి గేదె సింహాచలమ్మది. ఆవిడకి చెట్టు మీద ఇల్లూ లేదు, గుడ్ల మీద ఆశా లేదు. అందుకని అందరూ కలిసి ఆవిణ్ణే పెద్దమ్మ అనుకున్నారు.

తొలకరి పడింది. పైడయ్య నాలుగో ఇల్లు లేపాడు. కాలవ అవతలి పేట నుంచి నూకాలు అనే పిల్ల ఇళ్ళు చూడ్డానికి వస్తోందని కబురొచ్చింది. అసలే మాటకారి, మంచి ఇల్లు తప్ప ఒప్పుకోదట. పైడయ్యకి నిద్ర పట్టలేదు. తెల్లారకుండానే ఇంటి కింద వేలాడి దారి చూడ్డం మొదలెట్టాడు.

ఎండెక్కే వేళకి వచ్చారు సన్యాసయ్య గారు.

ఆయన బావి గట్టున ఉన్న మోట దిమ్మ మీద ఒంటికాలి మీద నిలబడ్డారు. మెడ చాచి ఇంటి పక్కన పెట్టారు, మళ్ళీ వెనక్కి తీశారు. ముక్కుతో ఓ పోచ పట్టుకుని లాగి చూశారు.

పోచ లాగి చూశాడంటే గిజిగాడి లెక్కలో ఒకటే అర్థం. పిల్ల తరఫు పెద్దమనిషి వచ్చాడు! కొంగ గిజిగాళ్ళకి పెద్దమనిషెలా అవుతుందని మీరూ నేనూ అడుగుతాం. పెళ్ళి కావాల్సినవాడికి అంత తీరికెక్కడిది?

"రండి బాబాయిగారూ, రండి! ఎండన పడొచ్చారు, నీడకి జరగండి" అన్నాడు పైడయ్య, గాల్లో తేలిపోతూ.

"ఊఁ. ఈ ఇల్లు నీదేనా?" అన్నారు సన్యాసయ్య గారు.

"ఎంతమాట! పోచ పోచా నేనే ఏరి తెచ్చాను. ఇంకోటి లాగండి, ఫరవాలేదు. ఏనుగు లాగినా ఊడదు."

"గదులు?"

"లోపల గుడ్లకో గది, కూర్చోడానికో గది. కింద వాకిలి ఇంత పొడుగు దించుతాను. వాన చినుకు లోపలికి రాదు. అమ్మాయి కాలు కింద పెట్టక్కర్లేదు."

"ఊఁ" అన్నారాయన. అమ్మాయెవరో ఆయనకి తెలీదు, అడగనూ లేదు. పొదుపుగా మాట్లాడే మనిషి. మెడ తిప్పి పక్క కొమ్మల కేసి చూశారు. "మరి అవి?"

అదిగో, అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"అవా? అవీ మనవేనండీ!" అన్నాడు పైడయ్య రొమ్ము విరుచుకుని. "ఇది కాపురానికి. ఆ మూడూ చుట్టాలకి. మీలాంటి పెద్దలొస్తే ఇరుక్కుని ఉండక్కర్లేదు చూడండి. పేట మొత్తం మీద నాలుగిళ్ళవాడెవడని అడగండి, మన పేరే చెబుతారు."

"నాలుగూ నీవే."

"నాలుగూ నావే!"

"మంచిది" అని సన్యాసయ్య గారు రెండో కాలు దించి, బురదగట్టు దాకా నడిచివెళ్ళి, కాలి వేళ్ళతో గీతలు గీశారు. గీసి, పేటంతా వినేలా గొంతు సవరించుకున్నారు. "పైడయ్య. ఇళ్ళు నాలుగు, చుట్టాల ఇళ్ళతో సహా. కావలి, సంతరోజు తప్ప ప్రతి పొద్దూ. రాబోయే సంత మర్నాటి నుంచి మొదలు."

పైడయ్య పట్టు తప్పి కొమ్మ మీంచి జారబోయి నిలదొక్కుకున్నాడు.

"అదేంటి బాబాయిగారూ! మీరు పెళ్ళివారి తరఫు కాదూ?"

"పన్నువారి తరఫు."

"అయ్యో, ఆ ముక్క ముందు చెప్పొద్దా?"

"నువ్వు చెప్పనిచ్చావా?" అన్నారు సన్యాసయ్య గారు, నిజాయితీగానే.

పేటంతా కిచకిచలాడి నవ్వింది. పైడయ్యకి తల కొట్టేసినట్టయింది. నవ్వు సంగతి పోనివ్వండి. వాడికి నిజంగా వచ్చిపడిన కష్టం వేరే ఉంది. మంచు తడికి గడ్డి మెత్తగా ఉండేది పొద్దుటి పూటే. ఇల్లు నేసుకునేదీ అప్పుడే, పిల్లలు ఇళ్ళు చూడ్డానికొచ్చేదీ అప్పుడే. ఆ వేళకి వీడు రోజూ తాడిచెట్టు మీద కూర్చుంటే ఇక్కడ ఇల్లు పూర్తిచేసేదెవరు, వచ్చిన పిల్లకి రెక్కలాడించేదెవరు? ఈ వానకాలం పోతే మళ్ళీ వచ్చే తొలకరి దాకా బ్రహ్మచారే.

"బాబాయిగారూ, ఆ మూడూ ఉత్త డొల్లలండీ. వాటికి పన్నేంటి?" అన్నాడు ఏడుపుగొంతుతో.

"అప్పీలు చెప్పుకో. ఎల్లుండి పొద్దున పెద్దమ్మ వింటుంది. ఇళ్ళు కావని రుజువైతే కొట్టేస్తాను, నాకేం?"

"రుజువంటే?"

"అంత కష్టపడి కట్టి ఎందుకు వదిలేశావో చెప్పు. చాలు."

చాలట! ఆ ఒక్క ముక్కే కదా వాడి గొంతులో ముల్లులా పడి ఉన్నది. ముగ్గురు పిల్లలు నన్ను కాదని పోయారు అని పేటంతా వినేలా వాడే, వాడి నోటితోనే చెప్పాలి. ఆ నూకాలు ఏ పూట వస్తుందో తెలీదు. వచ్చిందంటే ఆ కబురు ఆ పిల్ల చెవిన పడక మానదు. ముగ్గురు కాదన్న వాణ్ణి నాలుగో పిల్ల చేసుకుంటుందా?

పైడయ్య చేనుగట్టు మీద కూలబడి గడ్డి పీకుతూ కూర్చున్నాడు. పీకినదాన్ని చీల్చడం కూడా మరిచిపోయాడు.

"ఏం అల్లుడూ, మొహం అలా వేలాడేశావు?" అంటూ పక్కనే వాలాడు కాకి చిట్టెబ్బాయి.

ఈ చిట్టెబ్బాయి సంగతి కాస్త చెప్పాలి. ఎక్కడ ఎవరింట్లో తగువున్నా ముందు వాసన పట్టేది వాడే. ఇద్దరి మధ్య మాట తేడా వస్తే మూడోవాడిగా దూరి, ఇద్దరి పళ్ళెంలోనూ చెయ్యి పెట్టి బయటికొచ్చే రకం. తుమ్మచెట్టు మీద వాలాలని ఎన్నాళ్ళుగానో చూస్తున్నాడు. ఎందుకో వేరే చెప్పాలా? గుడ్లు. వాలినప్పుడల్లా గిజిగాళ్ళు కట్టగట్టుకుని పొడవడంతో నెత్తిమీద ఈకలు నాలుగు ఊడాయే గానీ కోరిక తీరలేదు.

పైడయ్య కథంతా చెప్పుకున్నాడు. మూడో పిల్ల సంగతి కూడా చెప్పేశాడు. చిట్టెబ్బాయి అయ్యయ్యో అని నాలుగుసార్లు తల ఆడించాడు.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇంతదానికేనా?" అన్నాడు. "ఆ ముక్క నువ్వు చెప్పనేవద్దు. పరువు ముఖ్యం. ఆ మూడూ నావని చెప్పు. నేను కట్టమంటే నువ్వు కట్టావు. నువ్వు మేస్త్రివి, నేను యజమానిని. నీ పేరు మీద ఒక్క ఇల్లే మిగుల్తుంది, ఒక్క ఇంటి కావలే పడుతుంది. పైగా ఏవంటారు జనం? కాకిలాంటి పెద్దమనిషి కూడా పైడయ్య చేతే కట్టించుకున్నాడ్రా అంటారు."

పైడయ్య మొహం విప్పారింది. వెంటనే మళ్ళీ ముడుచుకుంది. "మావా, నువ్వేమీ అనుకోకు గానీ... నువ్వు గుడ్లు..."

"ఛఛ! ఎప్పటి మాట అది? నాకిప్పుడు పథ్యం. పచ్చసొన వాసన కూడా పడ్డం లేదు" అని చిట్టెబ్బాయి పొట్ట నిమురుకున్నాడు.

"మరి నీ కష్టానికి ఏమివ్వమంటావు?"

"నీ దగ్గర తీసుకుంటానా అల్లుడూ! ఆ మూడిళ్ళే నాకు చాలు. ఏదో పేరుకి."

కాకి మాట నమ్మాడా అంటే, నమ్మలేదు. కానీ నమ్మకపోతే ఆ ముక్క తనే చెప్పుకోవాలి. అందుకని నమ్మినట్టు ఊరుకున్నాడు. సిగ్గుతో సతమతమయ్యేవాడికి ఎదుటివాడి పొట్ట కూడా పథ్యంగానే కనిపిస్తుంది మరి.

విచారణ రోజు వచ్చింది. పెద్దమ్మ బురదలోంచి లేవలేదు, ఆవిడ దగ్గరికే అందరూ వచ్చారు. కప్పలు ముందు వరసలో కూర్చున్నాయి. గిజిగాళ్ళు కొమ్మలకి బారులు తీరారు. సన్యాసయ్య గారు తన గీతల పక్కన నిలబడ్డారు. సింహాచలమ్మకి నెమరు వేస్తే గానీ బుర్ర పనిచెయ్యదు. ఒక మాట అంటుంది, నాలుగుసార్లు నములుతుంది, అప్పుడు రెండో మాట అంటుంది. ఆవిడ ముందు అబద్ధం చెప్పడం కష్టం. మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక చాలామంది నిజం చెప్పేస్తారు.

"ఎవర్రా అప్పీలు?" అంది పెద్దమ్మ.

పైడయ్య గొంతు విప్పేలోగా బావి అవతలి నుంచి ఓ పిట్ట రివ్వున వచ్చి తుమ్మకొమ్మ చివర వాలింది. సన్నటి గోధుమరంగు పిల్ల. కళ్ళు చురుగ్గా ఉన్నాయి. "ఇళ్ళు చూడ్డానికొచ్చానండీ, నా పేరు నూకాలు. మీ పని కానివ్వండి, నేనాగుతాను" అని తీరిగ్గా రెక్క సర్దుకుంది.

ఇన్ని పొద్దులుండగా ఈ పొద్దే దొరికిందా తల్లీ! అనుకున్నాడు పైడయ్య.

చిట్టెబ్బాయి చటుక్కున ముందుకి గెంతాడు. "నమస్కారం పెద్దమ్మా! తగువే లేదు. సన్యాసయ్య గారి పొరపాటూ లేదు, మా అల్లుడి తప్పూ లేదు. ఆ మూడిళ్ళూ నావి. కుర్రాడు కట్టిపెట్టాడు. అవి నా పేరున రాసేస్తే అందరికీ సుఖం."

పెద్దమ్మ నమిలింది. "కాకికి గిజిగాడి ఇల్లెందుకురా?"

"వయసు మీద పడుతోంది పెద్దమ్మా. మంచివాళ్ళ మధ్య ఓ గూడుంటే..."

ఆవిడ మళ్ళీ నమిలింది. "పైడయ్యా, ఆ మూడూ వీడివేనా?"

అవును అనే మాట పైడయ్య ముక్కు చివరిదాకా వచ్చింది. అంతలో సూరమ్మత్త తన గూట్లోంచి తల బయటికి పెట్టింది. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి, ఆ పొద్దు గొంతులో నవ్వు లేదు.

"పెద్దమ్మా, ఒక్క మాట. ఇల్లున్నవాడికి కొమ్మ మీద వాలే హక్కుంటుంది కదా. ఆ రెండో ఇల్లు మా గూటికి ఆనుకునే ఉంది. లోపల నా గుడ్లున్నాయి. రేపట్నుంచి చిట్టెబ్బాయి నా గుమ్మంలో కూర్చుంటాడా?"

అందరూ కాకి కేసి చూశారు. చిట్టెబ్బాయి ఏమీ ఎరగనట్టు ఆకాశం చూశాడు. చూస్తూ చూస్తూ ముక్కుని రాతికేసి ఇటోసారి అటోసారి రాసుకున్నాడు, అన్నానికి కూర్చునేముందు చెయ్యి కడుక్కున్నట్టు.

అది చూసి పైడయ్యకి సంగతి బోధపడింది. తన సిగ్గు కప్పుకోడానికి సూరమ్మత్త గుడ్లు కాకి ముందు పెట్టబోయాడు! ఏడిపించినా, మొన్నటి వానలో తన నాలుగో ఇల్లు జారితే వచ్చి ముడి వేసిపెట్టింది ఆవిడే.

పైకి చూశాడు. నూకాలు వింటోంది. కిందికి చూశాడు. పెద్దమ్మ నములుతోంది. ఇక లాభం లేదని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"కాదు పెద్దమ్మా. అవి చిట్టెబ్బాయి మావవి కావు. చుట్టాలకీ కావు. పెళ్ళికని కట్టాను. మొదటి పిల్ల గాలెక్కువంది. రెండో పిల్ల లాగితే పోచ ఊడింది. మూడో పిల్ల ఏమీ అనలేదు. ముగ్గురూ వద్దనుకుని వెళ్ళిపోయారు. అందుకే వదిలేశాను" అన్నాడు గుక్క తిప్పుకోకుండా.

ఎవరూ నవ్వలేదు. కొమ్మ మీద ఓ ముసలి గిజిగాడు "నాకు ఐదయ్యాయిలేరా" అన్నాడు, ఊరడింపుగా.

చిట్టెబ్బాయికి మాత్రం కడుపు మండింది. "నమ్మకండి! నాకిచ్చేశాక మనసు మార్చుకుని కథలు చెబుతున్నాడు. అవి మేడల్లాంటి ఇళ్ళు పెద్దమ్మా! గోడ చూడండి, కప్పు చూడండి! వాటిని ఇళ్ళు కావనేవాడికి కళ్ళు లేవు!"

"ఇద్దరూ రెండు మాటలు చెబుతున్నారు. చెట్టెక్కి చూద్దామంటే నాకు చేతకాదు" అంది పెద్దమ్మ.

అప్పుడు కొమ్మ చివరి నుంచి నూకాలు గొంతు వినిపించింది. "కాకి బావగారూ, కొత్తదాన్ని, తప్పైతే మన్నించండి. మాలో అయితే ఇల్లు తీసుకునేముందు లోపల కూర్చుని చూసుకుంటాం. మీరు చూసుకున్నారా?"

"ఎందుకు చూసుకోను! అవసరం లేదు గానీ..."

"ఓసారి కూర్చోండి మరి. పెద్దమ్మ కూడా చూస్తుంది. కాపురం ఉండేది మీరే కదా."

అంతమంది ముందు కాదంటే ఎలా? పైగా కొమ్మ మీద కాలు పెట్టమని పిలుపు! చిట్టెబ్బాయి దర్జాగా ఎగిరి రెండో ఇంటి మీద వాలాడు. వాలుతూనే సూరమ్మత్త గూట్లోకి ఓ చూపు విసిరాడు. తరవాత రెక్కలు ముడుచుకుని, తల దూర్చి, ఒళ్ళంతా కుదించుకుని, గోడల మధ్యకి దిగి యజమానిలా కూర్చోబోయాడు.

పిల్ల ఒప్పుకుంటే గానీ గిజిగాడు అడుగు నెయ్యడని చెప్పుకున్నాం. గోడలున్నాయి, కప్పుంది, మధ్యన పిట్ట బరువు మాత్రమే ఆపే ఓ అడ్డపోచ ఉంది, కాకి కూర్చోడానికి అడుగు మాత్రం లేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కిందికి జారి, ముడిచిన రెక్కలు విప్పుకునే వ్యవధి కూడా లేక, బావిలో బుడుంగుమన్నాడు.

కప్పలన్నీ గట్టెక్కి బావిలోకి తొంగిచూశాయి. కాసేపు నీళ్ళ చప్పుడు, బూతులు. తరవాత తడిసి ముద్దయిన చిట్టెబ్బాయి రాళ్ళు పట్టుకుని పైకొచ్చి, వణుకుతూ, కోపంతో ఊగిపోతూ అరిచాడు. "ఇదీ ఒక ఇల్లేనా! అడుగే లేదు! మనిషన్నవాడు ఉండేదేనా ఇది? దీన్ని ఇల్లన్నవాడి మొహం మండా!"

పెద్దమ్మ నమలడం ఆపింది. ఆవిడ నమలడం ఆపిందంటే తీర్పు వచ్చినట్టే.

"సన్యాసయ్యా, విన్నావు కదా. తనవేనన్నవాడే ఇళ్ళు కావంటున్నాడు. ఇంకేం రుజువు కావాలి? మూడూ కొట్టెయ్."

సన్యాసయ్య గారు కాలితో మూడు గీతలు చెరిపేశారు. చెరిపి, నాలుగో గీత దగ్గర కాలు ఆపారు. "మరి ఇదో?"

"ఒరే పైడయ్యా, గొప్పల మీద పన్నులేదు గనక బతికిపోయావు" అంది పెద్దమ్మ. "నాలుగోదాని మాటేంటి?"

పైడయ్య నెమ్మదిగా అన్నాడు. "పెద్దమ్మా, నిజం చెబితే అదీ ఇంకా ఇల్లు కాదు. గోడలూ కప్పూ బాగా వచ్చాయి. అడుగు నెయ్యలేదు. ఎవరో ఒకరు ఒప్పుకుంటేనే అది ఇల్లు. పన్ను అప్పుడు వేస్తే సంతోషంగా కడతాను."

తన వాదనకి తనే దొరికిపోయాడు. పన్ను పూర్తిగా పోతే ఇల్లు లేనట్టు. ఇల్లుంటే పన్నున్నట్టు. ఈసారి పేటంతా నవ్వింది, వాడూ నవ్వాడు. తలకిందులుగా వేలాడలేదు, రెక్కలాడించలేదు, మేడంటూ మిద్దంటూ ఒక్క ముక్క అనలేదు. పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

నూకాలు వచ్చి ఇంటి మీద వాలింది. ఓ పోచ లాగింది. పోచ రాలేదు. ఇంకోటి లాగింది. చుట్టూ తిరిగి వెనకవైపు ముడి దగ్గర తల పెట్టి చాలాసేపు చూసింది. మూడో పిల్ల కూడా ఇలాగే ఏమీ అనకుండా చూసింది.

"ఈ ముడి ఎవరు వేశారు?" అంది నూకాలు.

"సూరమ్మత్త" అన్నాడు పైడయ్య. మామూలుగా అయితే నేనే అనేవాడు.

"బావుంది. ఆవిడ పక్కింట్లోనే ఉంటుందన్నమాట" అంది నూకాలు. గోడల మధ్య ఉన్న అడ్డపోచ మీద కుదురుగా కూర్చుని, కింద ఉన్న కొంగ కేసి చూసింది. "బాబాయిగారూ, పైడయ్య పేరున ఒక ఇల్లు ఉంచండి. వాకిలి మాత్రం పొడుగ్గా దించాలి, నాకు వాన పడదు."

పేటంతా ఒక్కసారి గోలగోలగా కూసింది. పైడయ్య కూయడం మరిచిపోయి గడ్డికోసం చేల మీదికి రివ్వున ఎగిరాడు. పన్ను పడినందుకు అంత సంతోషించినవాణ్ణి సన్యాసయ్య గారు తన ఉద్యోగంలో మళ్ళీ చూడలేదట.

వాడు పోచతో తిరిగొచ్చేసరికి, మోట దిమ్మ మీద ఈకలు ఆరబెట్టుకుంటూ చిట్టెబ్బాయి కాచుకుని ఉన్నాడు.

"అల్లుడూ, పన్ను తగ్గింది, పెళ్ళీ కుదిరింది. మరి నా కష్టానికి అనుకున్నది ఇవ్వవూ?"

పైడయ్య పోచని జాగ్రత్తగా కాలికింద పెట్టుకున్నాడు. "ఇవ్వకేం మావా! నువ్వడిగింది మూడిళ్ళు. అవి ఇళ్ళే కావని పెద్దమ్మ ముందు నువ్వే చెప్పావు. లేనివి ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?"

చిట్టెబ్బాయి నోరు తెరిచాడు. ఒక్క "కావ్" మాత్రం వచ్చింది. తడి రెక్కలు ఈడ్చుకుంటూ ఊరివైపు ఎగిరిపోయాడు, వెనకాల సూరమ్మత్త "పథ్యం జాగ్రత్త నాయనా!" అని కేకేస్తుండగా.

నీతి: మన సిగ్గు దాచిపెడతానని వచ్చినవాడు ఉత్తచేతులతో పోడు, ఆ సిగ్గేదో మనమే చెప్పేసుకుంటే చవగ్గా తీరిపోతుంది.